మౌంటెన్ బైక్ చక్రాలకి హబ్బు ఎంచుకోవడం: ముందు కొలత, తర్వాత బేరింగ్ నంబరు, ఆఖర్న సౌండు

హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరుగుతూ స్పోకులన్నీ పట్టుకునే భాగం) కొనే ముందు ఒక వెర్నియర్ (మిల్లీమీటర్లలో కచ్చితంగా కొలిచే పనిముట్టు) కొనండి, ప్లాస్టిక్‌దైనా పర్లేదు. ఈ మాట మొదట్లోనే ఎందుకు చెప్తున్నానంటే నేను టైలర్ టేపుతో కొలిచి దెబ్బతిన్నాను. విజయనగరంలో మా వరండాలో బైకు తిరగేసి వెనక చక్రం ఊడదీసి ఫ్రేము రెండు చెవుల మధ్య (డ్రాపౌట్లంటారే, అవే) టేపు పెడితే 141 వచ్చింది. 141 అనే సైజు అప్పటికి నేను వినలేదు, 142 అయ్యుంటుందిలే టేపు ఒక మిల్లీమీటరు సాగుంటుంది అనుకుని 142 హబ్బు ఆర్డరు పెట్టేశా, వచ్చింది, స్పోకులు కూడా అల్లించేశా, తీరా ఫ్రేములో పెడితే అటు మూడు ఇటు మూడు మిల్లీమీటర్లు ఖాళీ, చక్రం గడియారం లోలకంలా ఊగుతోంది. నా ఫ్రేము బూస్ట్ అన్నమాట, అంటే 148.

తప్పు ఎక్కడ జరిగిందంటే, లావు ఇరుసు దూరే త్రూ యాక్సిల్ ఫ్రేముల్లో ఒక్కో చెవి లోపల మూడున్నర మిల్లీమీటర్ల లోతు గాడి ఉంటుంది, హబ్బు చివర ఆ గాడిలో కూర్చుంటుంది. పైపైన అంచు నుంచి అంచుకి కొలిస్తే 142 ఫ్రేములో 135 వస్తుంది, 148 ఫ్రేములో 141 వస్తుంది. గాడి అడుగు నుంచి అడుగుకి కొలిస్తేనే అసలు సైజు. ఇది ఎవరూ చెప్పరు, అమ్మేవాడు అసలే చెప్పడు. ఇంకో చిక్కు ఏటంటే, కొన్ని బడ్జెట్ బైకుల్లో నిజంగానే 141 సైజు క్విక్ రిలీజ్ (స్పానరు లేకుండా లివరుతో విప్పేది) ఉంటుంది, గాడి ఉండదు, సన్న ఇరుసు. అందుకని వెడల్పు ఒక్కటే చూస్తే సరిపోదు, ఇరుసు లావు, గాడి ఉందా లేదా, మూడూ రాసుకోవాలి.

మన దగ్గర తిరిగే బైకుల్లో మామూలుగా తగిలే సైజులు ఇవి. వెనక (వెడల్పు బై ఇరుసు లావు): 135 క్విక్ రిలీజ్, 142 బై 12, 148 బై 12. సూపర్ బూస్ట్ 157 కూడా ఉంది కానీ ఈ చుట్టుపక్కల నేను చూసింది లేదు. ముందు (ఇక్కడ ఇరుసు లావు మొదట రాస్తారు): 100 క్విక్ రిలీజ్, 15 బై 100, 15 బై 110. ముందు ఫోర్కు విషయంలో 100కీ 110కీ తేడా కంటికే తెలిసిపోతుంది గనక పెద్దగా ఎవరూ పొరబడరు. పాత హబ్బుని బూస్ట్ ఫ్రేములోకి ఎక్కించడానికి అటు మూడు ఇటు మూడు మిల్లీమీటర్ల స్పేసర్లూ, బ్రేకు డిస్కు కింద ఒక బిళ్లా దొరుకుతాయి, నేను అలాగే నెట్టుకొచ్చాను ఏడాది. బూస్ట్ హబ్బుని చిన్న ఫ్రేములోకి మాత్రం ఏం చేసినా దూర్చలేం.

మీది పన్నెండు పదిహేను వేల బైకు అయితే ఇంకో చెక్ చేసుకోండి. వెనక పళ్ల గుత్తి మొత్తం హబ్బు మీద స్క్రూలా తిరిగి ఎక్కే రకమా, దాన్ని ఫ్రీవీల్ అంటారు, లేకపోతే గాళ్లున్న డ్రమ్ము మీద జారి పైన లాక్ రింగుతో బిగించే క్యాసెట్టా అని. ఫ్రీవీల్ రకంలో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, ఇరుసు చివర అంతా గాల్లో వేలాడుతున్నట్టే, అందుకే గుంటల్లో పడితే ఇరుసు వంగుద్ది, ఒక్కోసారి విరుగుద్ది. ఆ రకం హబ్బుకి కొత్త రిమ్ములూ స్పోకులూ కొని డబ్బు తగలేయొద్దు. 8 స్పీడు క్యాసెట్ హబ్బుకి మారండి. 7 స్పీడు షిఫ్టరే (గేరు మార్చే మీట) ఉంచుకోవాలంటే 7 స్పీడు క్యాసెట్ వెనక నాలుగున్నర మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే అదే డ్రమ్ము మీద కూర్చుంటుంది.

ఆ డ్రమ్మునే ఫ్రీహబ్ బాడీ అంటారు, అందులో మూడు రకాలు. షిమానో హెచ్‌జీ, ఇదే అన్నిటికన్నా పాతది, ఎక్కడైనా దొరికేది. శ్రామ్ వాళ్ల ఎక్స్‌డీ. షిమానో మైక్రో స్ప్లైన్, ఇది 2018లో వచ్చింది. హెచ్‌జీ మీద అన్నిటికన్నా చిన్న చక్రానికి 11 పళ్ల కన్నా తగ్గవు, మిగతా రెండూ 10 పళ్ల చిన్న చక్రం పెట్టుకోడానికి పుట్టినవి. షిమానో డియోర్ 12 స్పీడు కావాలంటే మైక్రో స్ప్లైన్ తప్పదు, శ్రామ్ జీఎక్స్ ఈగిల్ కావాలంటే ఎక్స్‌డీ తప్పదు, కానీ శ్రామ్ ఎన్ఎక్స్ 12 స్పీడు 11-50 క్యాసెట్ మాత్రం మామూలు హెచ్‌జీ మీదే కూర్చుంటుంది. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ 10 స్పీడు కూడా అంతే. నన్నడిగితే ఊళ్లో క్యాసెట్ అరిగితే మర్నాడే ఇంకోటి దొరకాలి, అందుకని హెచ్‌జీయే. అయితే కొనేటప్పుడు ఆ హబ్బుకి ఎక్స్‌డీ, మైక్రో స్ప్లైన్ డ్రమ్ములు కూడా విడిగా అమ్ముతారా లేదా అని చూడండి, రేపు మనసు మారితే హబ్బు మార్చకుండా డ్రమ్ము ఒక్కటి మారుస్తారు. ఇంకోటి, డ్రమ్ము స్టీలుదా అల్యూమినియందా అడగండి. అల్యూమినియం డ్రమ్ము మీద విడివిడి పళ్లెంలుండే (అంటే పళ్ల చక్రాలు) చవక క్యాసెట్ వేస్తే ఎక్కడాల్లో ఒక్కో పళ్లెం గాట్లు పెట్టేస్తుంది, తర్వాత క్యాసెట్ ఊడదీయాలంటే సుత్తే గతి. స్టీలు కాస్త బరువే, కానీ ఈ బాధ ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, బేరింగులు. మిగతా అన్నిటికీ ఏదో ఒక సర్దుబాటు ఉంటుంది, దీనికి లేదు, ఎందుకంటే మన తిరుగుళ్లు అలాంటివి. పొద్దున్నే రామతీర్థం వైపు జీడితోటల్లో ఎర్రమట్టి దారి, ఆదివారం ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాటు, సరదా పుడితే చింతపల్లి బీచి, శ్రీకాకుళం వాళ్లైతే కళింగపట్నం ఇసక. ఎర్రమట్టి పొడి ఎండలో పౌడరులా లేస్తుంది, వాన పడితే పేస్టు అవుతుంది, ఆ పేస్టు బేరింగు సీలు (మూత) అంచున కూర్చుని గీరుతుంది. ఉప్పు గాలి సంగతి చెప్పక్కర్లేదు, మూడు నెలలు బండి ముట్టుకోకపోతే చైను బోల్టులు చూస్తేనే అర్థమవుతుంది.

బేరింగుల్లో రెండు పద్ధతులు. ఒకటి షిమానో ఇప్పటికీ చాలా హబ్బుల్లో వాడే కప్పు-కోను పద్ధతి, విడి గోలీలు గ్రీజులో పరిచి కోనుతో బిగించేది. పాత హెర్క్యులస్ ఓవర్‌హాల్ చేసిన ఏ మేస్త్రీకైనా ఇది చేతిలో పనే. వెనక హబ్బుకి సాధారణంగా పావు అంగుళం గోలీలు, ఒక్కో వైపు తొమ్మిది, డబ్బా కొనుక్కుంటే ఏళ్లు వస్తాయి. దీనికి సన్నటి కోను స్పానర్లు కావాలి, ఆరు నెలలకోసారి విప్పి తుడిచి గ్రీజు మార్చాలి. బాగా చూసుకుంటే వెన్నలా తిరుగుతుంది. చూసుకోకపోతే మాత్రం కప్పు మీద గుంటలు పడతాయి, కోను మార్చొచ్చు గానీ కప్పు హబ్బులోనే నొక్కేసి ఉంటుంది, అది పోయిందంటే హబ్బు మొత్తం పోయినట్టే.

రెండోది కార్ట్రిడ్జ్ బేరింగు, మోటారు బేరింగులాంటిదే, పాతది కొట్టి తీసేసి కొత్తది నొక్కడమే. నేను దీనికే ఓటేస్తాను, కానీ ఒక షరతు మీద: నంబరు తెలియాలి, ఆ నంబరు దొరకాలి. సీలు మీద సన్నగా అచ్చేసి ఉంటుంది, ఫోను టార్చి ఏటవాలుగా కొడితే కనిపిస్తుంది. ఒకసారి నా వెనక హబ్బు గరగరమంటుంటే ఆ బేరింగు తీసి జేబులో వేసుకుని మోటార్ల సామాన్లమ్మే షాపుకెళ్లా. కౌంటరు దగ్గర పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి దాన్ని చూపుడువేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది ఫేనుది కాదు, పంపుది కాదు, ఏటి బాబూ ఇది, ఇంత పల్చగుంది" అన్నాడు. ఆయన దగ్గర 6201, 6202 అట్టపెట్టెలు గోడంతా ఉన్నాయి, 6902 మాత్రం ఒకే ఒక్కటి ఉంది, అదీ ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్లనిదట. తెచ్చేసుకున్నా. అప్పట్నుంచి ఏ హబ్బు చూసినా ముందు అడిగేది బేరింగు నంబరే.

నంబరు భాష కొంచెం తెలిస్తే చాలు. 6902 అంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. 6802 అంటే లోపల అదే 15, కానీ బయట 24, మందం 5 మాత్రమే. 6001 అంటే లోపల 12, బయట 28, మందం 8. లోపలి గోలీల సైజు ఊహించుకోండి, మందం ఎక్కువున్నదాంట్లో పెద్ద గోలీలు పడతాయి, బరువూ గుంటలూ తట్టుకుంటుంది. కాబట్టి రెండు హబ్బులు ఒకే ధరలో ఉంటే, ఒకదాంట్లో 6802లూ ఇంకోదాంట్లో 6902లూ ఉంటే, రెండోదే కొనండి, ఇక ఆలోచించొద్దు. నంబరు వెనక టూఆర్‌ఎస్ అని ఉంటే రెండువైపులా రబ్బరు సీలు, జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత. మనకి రబ్బరుదే కావాలి, రేకుది ఫ్యానుకి సరే, ఎర్రమట్టికి కాదు. కొన్ని ఖరీదైన హబ్బుల్లో కంపెనీ సొంత కొలతల బేరింగులుంటాయి, ఏ షాపులోనూ దొరకవు, అలాంటిది మీకు నచ్చితే హబ్బుతో పాటే ఒక సెట్టు బేరింగులు తెప్పించి పెట్టుకోండి.

ఒక్క మాట, మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగు దగ్గర సైకిలు కడిగించొద్దు. ఆ ప్రెషరు పైపు హబ్బు పక్కకి పెట్టి కొడితే ఏ సీలూ ఆపలేదు, పైకి తళతళలాడుతుంది, లోపల గ్రీజు పాలలా తెల్లగా అయిపోయి ఉంటుంది. మగ్గుతో నీళ్లు పోసి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక ఎంగేజ్‌మెంటు, అంటే పెడలు తొక్కగానే హబ్బు ఎంత తొందరగా పట్టుకుంటుంది అనేది. వీడియోలు చూసేవాళ్లందరూ దీని గురించే మాట్లాడతారు, నేనూ మాట్లాడేవాణ్ణే. లెక్క తేలికే, 360ని పాయింట్లతో (ఒక చుట్టులో హబ్బు ఎన్ని చోట్ల పట్టుకుంటుందో ఆ సంఖ్య) భాగించాలి. 18 పాయింట్లైతే 20 డిగ్రీలు, 36 అయితే 10, 72 అయితే 5. డీటీ స్విస్ రాచెట్ హబ్బుల్లో 18, 36, 54 పళ్ల రింగులు ఉన్నాయి, హోప్ ప్రో 4లో 44 పాయింట్లు, ప్రో 5లో 108, ఇండస్ట్రీ నైన్ హైడ్రాలో ఏకంగా 690, అంటే అర డిగ్రీ. కానీ ఇది హబ్బు దగ్గర డిగ్రీ, మన కాలు దగ్గర ఎంతో చూడాలి. ముందు 32 పళ్లు, వెనక 50 పళ్ల పెద్ద పళ్లెంలో ఉన్నారనుకోండి, హబ్బు దగ్గర 10 డిగ్రీల ఖాళీ పెడలు దగ్గర 15న్నర అవుతుంది, 170 మిల్లీమీటర్ల క్రాంకు (పెడలు తగిలించే చెయ్యి) మీద అది దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. 18 పాయింట్ల హబ్బుకి తొమ్మిది సెంటీమీటర్లు పైనే. అంటే పూర్తిగా ఎక్కేటప్పుడే, బండలు వరసగా వచ్చే చోట అరపెడలు వెనక్కి తిప్పి మళ్లీ తొక్కే చోటే, ఆ ఖాళీ ఎక్కువ తెలుస్తుంది, కాలు ఒక్కసారి జారి ఠక్కుమని తగుల్తుంది. 72కి వచ్చేసరికి రెండుంపావు సెంటీమీటర్లు. ఆ పైన తేడా పట్టుకోవడానికి మనం చేసే స్వారీ చాలదు. నా లెక్కలో 36 నుంచి 72 మధ్య ఏదైనా ఓకే, 24 కన్నా తక్కువ వద్దు, 100 పైన ఉన్నదానికి అదనంగా డబ్బు పెట్టొద్దు.

సౌండు అంటారా, అది ఎవరి సరదా వాళ్లది. గట్టిగా ఝుంయ్‌మనే హబ్బుతో ఊళ్లలోంచి వెళ్తే బెల్లు కొట్టక్కర్లేదు, గేదెలు వాటంతటవే పక్కకి జరుగుతాయి. కానీ తెల్లవారుజామున ఐదింటికి అదే చప్పుడుకి ప్రతి వీధి చివరా రెండు కుక్కలు వెంటపడతాయి, ఇది కూడా లెక్కలో వేసుకోండి.

లోపల పట్టుకునే పద్ధతి కూడా చూడాలి. ఒకటి పాల్స్, చిన్న నాలికల్లాంటివి, కింద స్ప్రింగులతో పైకి లేచి పళ్లలో తగులుకుంటాయి. ఇంకోటి రాచెట్ రింగులు, రెండు పళ్ల రింగులు ఎదురెదురుగా నొక్కుకుంటాయి, అన్ని పళ్లూ ఒకేసారి పట్టుకుంటాయి గనక చాలా గట్టిది, విప్పడం కూడా తేలిక. పాల్స్ హబ్బు చవక, బాగానే పనిచేస్తుంది, కానీ మేస్త్రీకి ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వండి. నా హబ్బు ఓసారి ఓవర్‌హాల్‌కిస్తే ఒకాయన ప్రేమగా లారీ బేరింగులకి పెట్టే చిక్కటి గ్రీజు నాలికల నిండా కూరేసి, "దండిగా ఏసేసాను బాబూ, రెండేళ్లు సూసుకోనక్కర్లేదు" అన్నాడు. రెండు రోజులకే డిసెంబరు చలిలో ఘాటు ఎక్కుతుంటే నాలికలు గ్రీజులో అతుక్కుపోయి పైకి లేవలేదు, పెడలు ముందుకి కూడా ఖాళీగా తిరిగేసింది, పైపు మీద పడ్డాను, ఎక్కడ తగిలిందో రాయను. నాలికలకి పల్చటి గ్రీజు పూత పూసినట్టు, లేదా చిక్కటి నూనె రెండు చుక్కలు, అంతే. చిక్కటి గ్రీజు బేరింగులకి మాత్రమే.

స్పోకు రంధ్రాల సంఖ్యకొస్తే 32 తీసుకోండి. తాతగారి పెద్ద సైకిలుకి వెనక 40 పుల్లలుండేవి, రెండు బస్తాలు మోసేది, ఇప్పుడు 28 పుల్లల చక్రాలు చూసి ఆయనుంటే నవ్వేవాడు. 28 పనికిరావని కాదు, 70 కేజీల లోపు మనిషికి బాగానే ఆగుతాయి, కానీ రిమ్ము వంగి మార్చాల్సొస్తే 32 రంధ్రాల రిమ్ము దొరికినంత సులువుగా 28ది దొరకదు. రిమ్ములు మారుతుంటాయి, హబ్బు ఉండిపోతుంది, అందుకని హబ్బు రంధ్రాలే మీ రాబోయే రిమ్ములన్నిటినీ నిర్ణయిస్తాయి. స్పోకు మెడ వంచి ఉండే జే-బెండు రకం హబ్బే తీసుకోండి. తిన్నటి స్పోకుల స్ట్రెయిట్ పుల్ హబ్బు చూడ్డానికి బాగుంటుంది, ఒక స్పోకు తెగితే వైజాగ్‌లో కూడా దొరక్క కొరియరు కోసం చూస్తూ కూర్చోవాలి.

హబ్బు స్పెక్ షీటులో రెండు కొలతలు తప్పకుండా ఉండాలి, ఒకటి ఫ్లాంజ్ (హబ్బుకి రెండువైపులా స్పోకులు తగిలే అంచు) రంధ్రాల వలయం వ్యాసం, రెండోది హబ్బు మధ్య నుంచి ఒక్కో ఫ్లాంజ్ ఎంత దూరం అనేది. ఇవి ఇవ్వని హబ్బు నేను కొనను. ఎందుకంటే స్పోకు పొడవు వీటి మీదే ఉంటుంది. ఉదాహరణకి రిమ్ము ఈఆర్‌డీ 600 (స్పోకు చివర బిగించే నిప్పిలు తలల దగ్గర కొలిచే వ్యాసం, పెట్టె మీదది నమ్మకుండా మీరే కొలవండి), 32 రంధ్రాలు, మూడు క్రాసులు (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటడం), ఫ్లాంజ్ 58, ఎడమ ఫ్లాంజ్ మధ్య నుంచి 34 దూరం అనుకుంటే స్పోకు 291 దగ్గర వస్తుంది. కుడివైపు పళ్లకి చోటివ్వాలి గనక ఫ్లాంజ్ లోపలికి జరుగుతుంది, 20 దూరం అనుకుంటే 289న్నర వస్తుంది. అందుకే వెనక చక్రానికి రెండు పొడవుల స్పోకులు. ఈ రెండు దూరాల మధ్య తేడా ఎంత తక్కువుంటే రెండువైపులా బిగువు అంత సమానంగా ఉంటుంది, చక్రం బెండు అంత తక్కువగా వస్తుంది. బూస్ట్ హబ్బులో ఫ్లాంజ్‌లు బయటికి జరిగాయి, పెద్ద 29 అంగుళాల చక్రాలకి అది నిజంగానే పనికొచ్చే మార్పు.

డిస్కు బిగింపులో ఆరు బోల్టులదా సెంటర్ లాకా (మధ్యలో ఒకే రింగుతో బిగించేది) అని అడిగితే, సెంటర్ లాక్ హబ్బు మీద ఆరు బోల్టుల డిస్కుకి అడాప్టరు దొరుకుతుంది, తిరగేసి కుదరదు. అయినా నేను ఆరు బోల్టులదే అంటాను, టీ25 కీ ఒకటి జేబులో ఉంటే చాలు, సెంటర్ లాక్‌కి వేరే టూలు మోయాలి.

బరువు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. హబ్బు చక్రం నడిమధ్యలో ఉంటుంది, అక్కడ 100 గ్రాములు తగ్గినా తొక్కేటప్పుడు తెలీదు, అదే 100 గ్రాములు రిమ్ములోనో టైరులోనో తగ్గితే ప్రతిసారి వేగం అందుకునేటప్పుడు తెలుస్తుంది. హబ్బులో మిగిల్చిన డబ్బు అక్కడ పెట్టండి. ఇంకా మిగిలితే ముందు హబ్బు చవకది తీసుకుని వెనకది మంచిది తీసుకోండి, ముందు హబ్బులో ఉండేవి రెండు బేరింగులూ ఒక ఇరుసూ అంతే, అరిగే పని అంతా వెనకే.

సెకండ్ హ్యాండ్ హబ్బు చూస్తుంటే ఇరుసుని రెండు వేళ్లతో మెల్లిగా తిప్పండి, గట్టిగా గిర్రున తిప్పితే లోపం తెలీదు. మెట్లు మెట్లుగా తగిలితే బేరింగు పోయింది, అది మార్చుకోవచ్చు. డ్రమ్ముని వెనక్కి తిప్పుతూ చప్పుడు వినండి, ఒకే లయలో ఉండాలి, మధ్యలో ఒక టిక్కు తప్పితే నాలిక స్ప్రింగు విరిగుంటుంది. ఫ్లాంజ్ రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో గోరుతో గీసి చూడండి, ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు.

పెట్టె ఇంటికొచ్చాక మేస్త్రీ దగ్గరకి పరిగెత్తకండి. డిస్కూ క్యాసెట్టూ హబ్బుకి ఎక్కించి, రిమ్ము లేకుండా ఉత్త హబ్బునే ఫ్రేములో పెట్టి ఇరుసు బిగించండి. డిస్కు బ్రేకు క్యాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే భాగం) మధ్యలో వచ్చిందా, చిన్న పళ్లెం ఫ్రేముకి తగలకుండా తిరుగుతోందా, అటూ ఇటూ ఖాళీ లేదు కదా, చూసుకోండి. వెనక్కి పంపాలంటే ఇప్పుడే పంపగలరు, స్పోకు ఒక్కటి దూర్చాక ఏ షాపువాడూ తీసుకోడు, నన్నడగండి.